పంచాయతీలకు అధికారాల బదిలీ: కేరళ అనుభవం తెలిసినవారు వివరించగలరా?

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి, తాగునీరు, చిన్నతరహా సాగునీరు, ప్రాథమిక విద్య సహా పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో చేర్చినప్పటికీ, 243జి అధికరణం వాటి బదిలీని రాష్ట్ర శాసనసభ ఇష్టానికే విడిచిపెట్టింది. అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఊరిలోనే ఉద్యోగులు ఉండటం నిజంగా మేలే. అయితే వారిలో చాలామంది సర్పంచికి కాక తమ శాఖల పై అధికారులకు జవాబుదారీగా ఉంటే, గ్రామసభ తీర్మానానికి విలువ ఎలా వస్తుంది? కేరళ మాత్రం 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమాన్ని ప్రారంభించి, ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించాలని నిర్ణయించడమే కాక, కృషి భవన్లను (స్థానిక వ్యవసాయ కార్యాలయాలను), ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు అప్పగించింది.

మా గ్రామసభలో ఈ విషయంపై ఒక తీర్మానం ప్రతిపాదించాలనుకుంటున్నాను. కేరళలో ఆ సిబ్బంది జీతం, బదిలీ, క్రమశిక్షణ చర్యలు ఎవరి చేతిలో ఉంటాయి? పంచాయతీకి, శాఖకు మధ్య విభేదం వస్తే తుది నిర్ణయం ఎవరిది? అక్కడ పనిచేసినవారు గానీ, పంచాయతీరాజ్ చట్టాలు తెలిసిన న్యాయవాదులు గానీ దయచేసి వివరించగలరు. తీర్మానంలో ముందుగా నిధులను కోరాలా, సిబ్బందిపై అధికారాన్ని కోరాలా అన్నది కూడా చెప్పగలిగితే ఎంతో కృతజ్ఞుడిని.