చిన్న ఆర్కెస్ట్రాలో గొంతుకు ఎఫెక్టులు: గాయకుడి కాలి దగ్గర పెడలా, సౌండ్ ఆపరేటర్ చేతిలో మిక్సరా?

నల్లగొండ గాయకుడు:
మాది కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడ్, రెండు గొంతులు ఉన్న చిన్న ఆర్కెస్ట్రా. లగ్గాల రోజుల్లో ఫంక్షన్ హాళ్లలోనూ, వినాయక నవరాత్రులలో మండపాల వద్దా, చెరువుగట్టు జాతర వంటి సందర్భాలలో ఆరుబయటా పాడుతుంటాం. సౌండ్ సిస్టమ్ ఎక్కడికక్కడ అద్దెకు వచ్చేదే కావడంతో ఒక ఊళ్లో గొంతు బావిలోంచి వచ్చినట్లు, మరో ఊళ్లో పొడిగా, బోసిగా వినిపిస్తోంది. అందుకే రివర్బ్ (హాలులో మోగినట్లుండే మారుమోత), డిలే (పాడినది కాస్త ఆగి మళ్లీ పలకడం), హార్మనీ (గొంతుకు తోడుగా మరో స్వరం), శ్రుతి దిద్దుబాటు అన్నీ ఉన్న, కాలితో నొక్కే పెడల్ ఒకటి కొనాలనుకుంటున్నాను. బాస్, టీసీ హెలికాన్ సంస్థలవి చూస్తున్నాను. మా గిటారు అన్న మాత్రం అది ఆపరేటర్ చేయవలసిన పని అంటున్నారు. ఏది సబబో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మహబూబ్‌నగర్ సౌండ్ ఆపరేటర్:
మీ గిటారు అన్నగారి మాటే సరైనది. వేదిక మీద మీకు వినపడేది మానిటర్ (మీ వైపు తిప్పిన స్పీకరు), జనానికి వినపడేది హాలు. మన దిక్కు ఫంక్షన్ హాళ్లలో చాలావాటికి కింద గ్రానైటు, చుట్టూ ఉత్త గోడలు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పోతుంది గనుక, 17 మీటర్ల దూరంలోని వెనక గోడను తాకి మళ్లీ మీ దగ్గరికి రావడానికి దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది. హాలే అంత ఎకో ఇస్తున్నప్పుడు, దాని మీద పెడల్‌లోని పెద్ద హాల్ రివర్బ్ కూడా వేస్తే మాటలు ముద్దయిపోతాయి. పైగా ఖాళీ హాలులో సౌండ్ చెక్ చేసినప్పటి రివర్బ్, జనం నిండిన తర్వాత అలాగే ఉండదు. మనుషులూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఆ తేడాను పట్టుకుని సరిచేయగలిగేది ఎదురుగా నిలబడినవాడే.

కంప్రెసర్ సంగతి ఇంకా తీవ్రమైనది. అది గట్టిగా పాడిన చోట గొంతును అణచి, ఆ తర్వాత మొత్తం స్థాయిని ఎత్తుతుంది. అలా 6 డెసిబెళ్లు ఎత్తితే, ఫీడ్‌బ్యాక్ (స్పీకరు శబ్దం మళ్లీ మైకులో పడి కుయ్‌మనడం) రాకుండా మిగిలిన వెసులుబాటు కూడా 6 డెసిబెళ్లు తగ్గినట్లే. పెడల్‌లో కంప్రెసర్ ఉన్న సంగతి చెప్పకుండా గాయకులు వైరు చేతికిస్తే, మేము మిక్సర్‌లో మరొకటి వేస్తాం; మైకు కుయ్‌మన్నాక తిట్లు తినేది మేమే. (ఇంతా చేసి "అన్నా, ఎకో పెంచు" అని మైకులోనే చెప్పేవారు సరేసరి.)

మిర్యాలగూడ గాయని:
మీరిద్దరూ రివర్బ్, కంప్రెసర్ దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు హార్మనీలోనూ, శ్రుతి దిద్దుబాటులోనూ ఉంది. అది ఆపరేటర్‌కు వదిలేసేది కాదు.

మోహన రాగంలోని పాటను తీసుకోండి. అందులో స, రి, గ, ప, ద మాత్రమే ఉంటాయి. పెడల్‌కు మేజర్ స్కేలు (స నుంచి ని దాకా ఏడు స్వరాల వరుస) చెప్పి, పై మూడో స్వరంతో హార్మనీ పెట్టామనుకుందాం. నేను సా పాడితే అది గా పాడుతుంది, గా పాడితే పా పాడుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. నేను రి పాడగానే అది మా అందుకుంటుంది, పా పాడగానే నీ అందుకుంటుంది. రాగంలో లేని రెండు స్వరాలు నా గొంతుతోనే, నా ప్రమేయం లేకుండా బయటికి వస్తాయి. గిటారు మీద వాయించే కార్డులను (కలిపి మోగించే స్వరాలను) బట్టి హార్మనీ ఎంచుకునే పెడళ్లు కూడా రాగాన్ని చూడవు. అందుకే ఇలాంటి పాటలకు నేను ఒక స్థాయి పైనో కిందో అదే స్వరం వచ్చే ఆక్టేవ్ హార్మనీని మాత్రమే, అదీ పల్లవి రెండోసారి వచ్చినప్పుడు మాత్రమే వాడతాను.

శ్రుతి దిద్దుబాటు ఇంకా మొండిది. 1997లో ఆంటారెస్ సంస్థ ఆటోట్యూన్ తెచ్చినప్పటి నుంచి దీని సూత్రం ఒక్కటే: పాడిన స్వరాన్ని ఎంచుకున్న స్కేలులో దగ్గరగా ఉన్న స్వరస్థానానికి లాగడం. ఖరహరప్రియలో గాంధార, నిషాదాలు ఊగుతూ పలకాలి. దిద్దుబాటు వేగం ఎక్కువగా ఉంటే ఆ ఊపు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. వేగం బాగా తగ్గిస్తే గమకం కొంతవరకు బతుకుతుంది, కానీ అప్పుడు అది దిద్దేది కూడా అంతంతమాత్రమే. ఇటువంటి పాటకు దాన్ని ఆపివేయడమే మేలు, ఆపడానికి మీట నా కాలి దగ్గర ఉండాలి.

మరో సంగతి. చిన్న మిక్సర్లలో సాధారణంగా ఒకే ఎఫెక్టు విభాగం ఉంటుంది. పాట అయిపోయి వధూవరుల పేర్లు చదివేటప్పుడు కూడా పాటకు పెట్టిన ఎకో అలాగే మోగుతూ ఉంటుంది. అప్పటికి ఆపరేటర్ గారు భోజనాల పంక్తిలో ఉంటారు.

సూర్యాపేట కీబోర్డు వాద్యకారుడు:
అక్కగారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. డిలే విషయంలో మాత్రం పెడల్ వాదన ఇంకా బలమైనది. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకు 500 మిల్లీసెకన్లు, 100 దెబ్బల పాటలో 600. మేము వరుసగా వేరువేరు నడకల పాటలు అందుకుంటూ పోతుంటే, ప్రతి పాటకూ ఆపరేటర్ ఆ విలువను మారుస్తారని ఆశించలేం. కాలితో తాళం తట్టి పెట్టుకోవచ్చు. డప్పు మీద నడిచే జానపదాలకు మాత్రం ఇంత పొడుగు డిలే పనికిరాదు. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక, ఆ అచ్చు సాగి వచ్చి తర్వాతి మాట మొదటి హల్లును మింగేస్తుంది. 100 మిల్లీసెకన్ల లోపు, ఒక్కసారి మాత్రమే తిరిగి పలికే డిలే చాలు.

మహబూబ్‌నగర్ సౌండ్ ఆపరేటర్:
హార్మనీ, డిలే గాయకుల దగ్గరే ఉండనివ్వండి, ఒప్పుకుంటాను. భోజనాల పంక్తి మాట కూడా కాదనను. రివర్బ్, కంప్రెసర్ మాత్రం పెడల్‌లో ఆపి ఇవ్వండి. వీలైతే మైకును స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి, ఒక వైరును నేరుగా, మరొకదాన్ని పెడల్ గుండా ఇవ్వండి. ఏ ఎఫెక్టు అన్నది మీ ఇష్టం, ఎంత అన్నది నా చేతిలో.

సూర్యాపేట కీబోర్డు వాద్యకారుడు:
అలా చేస్తే పెడల్ నుంచి కేవలం ఎఫెక్టు మాత్రమే రావాలి. అసలు గొంతు కూడా అందులోంచి వస్తే, డిజిటల్ పెడల్‌లో పడే కొద్ది మిల్లీసెకన్ల ఆలస్యం వల్ల రెండు గొంతులు కలిసి కొన్ని ధ్వనులు కొట్టుకుపోయి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్లవుతుంది. పెడల్ కొనేముందు అసలు గొంతును పూర్తిగా తీసివేసే వీలుందో లేదో అందులో చూసుకోండి.

నల్లగొండ గాయకుడు:
ఆ వీలు ఉన్నదే తీసుకుంటాను. కానీ రెండు గొంతులకు రెండేసి వైర్లంటే నాలుగు చానళ్లు పోతాయి. మాకు వచ్చే మిక్సర్లలో అన్ని ఖాళీగా దొరకవు.

మహబూబ్‌నగర్ సౌండ్ ఆపరేటర్:
పెడల్ లీడ్ గొంతుకు ఒక్కదానికే పెట్టండి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్ రెండింటినీ మోనోలో (ఒక్కోదానికి ఒకే వైరుతో) ఇస్తే రెండు చానళ్లు మిగులుతాయి.