సంగటి మిషన్ చేసిన మా మామ సొంత కంపెనీ పెట్టాలా, డిజైన్ ఇచ్చేసి రాయల్టీ తీసుకోవాలా?

పెన్నాగట్టు – అనంతపురం

మా మేనమామకు ఇక్కడ వెల్డింగు షాపు ఉంది. హాస్టళ్లకు, పెళ్లి వంటలకు పనికొచ్చే సంగటి మిషన్ ఒకటి చేసినాడు. సంగటి గెలకడం మొదలుపెట్టినాక క్షణక్షణానికి గట్టిపడుతుంది. మామూలు పిండి కలిపే మిషన్ మోటారు అక్కడే మొరాయిస్తుంది. మామ గేర్‌బాక్స్ కట్టి వేగం తగ్గించి బలం పెంచినాడు. అడుగు మాడకుండా గిన్నె గోడను గీకే టెఫ్లాన్ పట్టీ పెట్టినాడు. అయినాక గిన్నె వంచి తీసుకోవచ్చు. సింగిల్ ఫేజు మీద నడుస్తుంది. ఇప్పుడు పక్క రాష్ట్రం కంపెనీ ఒకటి డిజైన్ ఇవ్వమంటోంది, మిషన్‌కు ఇంతని రాయల్టీ ఇస్తారంట. మామకేమో సొంతంగా పెట్టాలని. ఇంట్లో రెండు వర్గాలైనాము. నేను మామ వైపు.

హంద్రీవాసి – కర్నూలు

కటువుగా ఉంటే ఏమనుకోవద్దప్పా. హోటళ్లకు స్టీలు సామాన్లు అమ్మి బతికేవాణ్ని నేను. మిషన్ చెయ్యడం వేరు, కంపెనీ నడపడం వేరు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు షీటుకు రొక్కం కట్టాల. మోటారు, గేర్‌బాక్స్ బెంగుళూరు నుంచో కోయంబత్తూరు నుంచో రావాల, అదీ రొక్కమే. అమ్మినాక హోటలాయన మూడు కిస్తులంటాడు. హాస్టలు బిల్లు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు. ఈలోగా ఇంకొకడు 202 అనే చవకరకం స్టీలు షీటుతో అదే ఆకారం చేసి తక్కువకు అమ్ముతాడు. అయస్కాంతం మామూలుగా రెండింటికీ అంటదు, కొనేవాడికి తేడా ఎట్ల తెలుస్తుంది? ఉప్పూ పులుపూ తగిలి తుప్పు పట్టేసరికి మన ఆర్డరు పోయింటుంది.

కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకనే ముద్ర, ఉందంటే అది ఒక్కరి తెలివి కాదు. మోటార్ల వాళ్లు, పోత పోసేవాళ్లు అందరూ ఆ ఊరి చుట్టే ఉన్నారు. మనకు ఆ వసతి యాడుంది? రాయల్టీ తీసుకోమనండి.

బుగ్గవంక – కడప

హంద్రీ అన్నా, ఆ కష్టాలన్నీ నిజమే, దాటినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆమె గిన్నెలు కడిగే మిషన్‌కు 1886లో పేటెంటు తీసుకుంది. భర్త పోయి అప్పులు మిగిలిన మనిషి. ఇంజనీరింగు చదవలేదు, ఒక మెకానిక్‌ను తోడు పెట్టుకుని చేసింది. ఇళ్లలో అది సాగలేదు. ధర ఎక్కువ, అంత వేడినీళ్లు కాచే ఏర్పాటూ చాలా ఇళ్లకు లేదు. కొన్నది హోటళ్లు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో భోజనశాలల వాళ్లు ఆ మిషన్లే వాడినారు. మొదట్లో తయారీ బయట చేయించి, 1890ల చివర్లో గానీ సొంత కార్ఖానా పెట్టలేదామె. 1926లో హోబార్ట్ కంపెనీ ఆ వ్యాపారాన్ని కొన్నది, అప్పటికి ఆమె పోయి 13 ఏళ్లు.

మామ కూడా షీటు కోత, వంపులు బయట చేయించుకోవచ్చు. బిగింపు, ఆర్గాన్ వెల్డింగు, పరీక్ష తన చేతిలో ఉంటే చాలు. పీఎంఈజీపీ అనే కేంద్రం ఉపాధి పథకం కింద తయారీ యూనిట్లకు 50 లక్షల దాకా ప్రాజెక్టుకు సబ్సిడీ లోను దొరుకుతుంది.

ఓర్వకల్లుదారి – కర్నూలు

రెండు వైపులా ఒకటి మరిచినారు. పేటెంటు వేసినారా? మన చట్టంలో దరఖాస్తుకు ముందే మిషన్ నలుగురిలో వాడుకలోకి వస్తే కొత్తదనం పోయిందని కొట్టేయొచ్చు. అవసరమైన ట్రయల్ కోసం ఏడాదిలోపు వాడిన దానికి కొంత మినహాయింపు ఉంది, డబ్బు తీసుకుని వండినదానికి అది వర్తిస్తుందని నమ్ముకోవద్దు. పేటెంటు లేకుండా రాయల్టీ అడిగితే రేపు ఆ కంపెనీ రెండు బోల్టులు మార్చి, ఇది మా డిజైనే అంటుంది.

పెన్నాగట్టు – అనంతపురం

వెయ్యలేదన్నా. రెండు పెళ్లిళ్లలో బాడుగకు పెట్టినాము. మామ ఇప్పుడు గీకే పట్టీని తనంతట తానే గోడకు అదుముకునేటట్టు మారుస్తున్నాడు, దాన్ని ఎవరికీ చూపలేదు. ఆ మార్పుకైనా ముందు ప్రొవిజనల్, అంటే తొలి పేటెంటు దరఖాస్తు, వేస్తాము, పూర్తి వివరాలకు 12 నెలలు గడువుంటుంది కదా.

మీ మాట విన్నాక సొంతంగానే పెట్టాలని నాకు ఇంకా గట్టిపడింది. పాత డిజైన్‌కు చట్టం రక్షణ లేకపోతే మామకు మిగిలేది రిపేరు ఒక్కటే. పొద్దున నాలుగింటికి హాస్టల్లో మిషన్ ఆగితే ఎక్కడో ఉన్న కంపెనీ మనిషి వస్తాడా? కడప, కర్నూలు ఏ ఊరికైనా మామ ఆ పూటకే పోగలడు. యాడ విరుగుతుందో చూసినవాడే తర్వాతి మిషన్ బాగా చేస్తాడు. డిజైన్ కాగితం ఇచ్చేస్తే ఆ చూపు కూడా పోతుంది.

హంద్రీవాసి – కర్నూలు

పేటెంటు మాట విన్నాక రాయల్టీ మీద నాకూ ధైర్యం తగ్గింది. అరువుకు అమ్మడం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని బిల్లు రాయండి, చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టం ఉంది. దాటితే వడ్డీ అడగొచ్చు, ఆ బకాయిల తగాదాలు చూసే కౌన్సిల్‌కు పోవచ్చు. కానీ పోయినాక ఆ హోటలాయన మళ్లీ కొనడు. కాబట్టి సగం అడ్వాన్సు చేతికి రాకుండా షీటు కొయ్యొద్దని మామకు చెప్పు. పక్కింటోడైనా సరే, చుట్టమైనా సరే.