క్లోజాపిన్ మందు వాడుతూ సిగరెట్ మానేసినవాళ్లు ఉన్నారా?
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ మందులు ఒక్కోటి 6 వారాలకు పైనే వాడినా చెవిలో మాటలు ఆగలేదు. రిస్పెరిడోన్ మీదైతే కుదురుగా కూర్చోలేక రాత్రంతా గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగేవాడు, చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు డాక్టరుగారు క్లోజాపిన్ అంటున్నారు. తెల్లరక్తకణాలు పడిపోతున్నాయేమో చూడ్డానికి మొదట్లో వారం వారం రక్తపరీక్ష, అది సరే. నా భయం వేరే. వాడు సిగరెట్లు బాగా తాగుతాడు. ఆ పొగ వల్ల (నికోటిన్ వల్ల కాదట) కాలేయం ఈ మందును త్వరగా కరిగించేస్తుంది, ఉన్నట్టుండి మానేస్తే రక్తంలో మందు పెరిగిపోతుంది అన్నారు. మీ ఇంట్లో ఎవరైనా అలా మానేశారా? డాక్టరు డోసు ఎలా తగ్గించారు? ఈ మందుతో వచ్చే మలబద్ధకానికి ముందునుంచే ఏం జాగ్రత్త పడ్డారు? దయచేసి చెప్పండి.