కార్టిసాల్ పెరగాలంటే జన్యువు చదవాల్సిందేనా? కొలెస్ట్రాల్ లోపలికి చేరితే చాలదా?

ముడిప్రశ్న:
పుస్తకాల్లో ఒక బాణాల బొమ్మ ఉంటుంది కదా. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వస్తుంది, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు అణువు పెరుగుతుంది, పీకేఏ అనే ఎంజైమ్ మేలుకుని క్రెబ్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, జన్యువులు ఆన్ అవుతాయి, కొలెస్ట్రాల్ నుంచి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తయారు. నాకు ఈ బొమ్మ మీద నమ్మకం పోయింది. ఏసీటీహెచ్ పరీక్షలో 250 మైక్రోగ్రాముల సూది వేసి 30వ నిమిషానికే రక్తం తీస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అప్పటికే కార్టిసాల్ బాగా లేచి ఉంటుంది. ఆ కాస్త సమయంలో జన్యువు నుంచి ఆర్ఎన్ఏ, దాన్నుంచి ప్రోటీన్, ఆపైన హార్మోన్... అంతా అయిపోయిందంటారా? ట్రాన్స్‌క్రిప్షన్‌కు (జన్యువును ఆర్ఎన్ఏగా చదవడానికి) మనం లేని గొప్ప అంటగడుతున్నాం.

పైపెట్_రాత్రి:
నాదీ అదే మాట. 1960ల నాటి అడ్రినల్ ప్రయోగాలే చాలు. కొత్త ఆర్ఎన్ఏను ఆపే ఆక్టినోమైసిన్ డి ఇచ్చినా ఏసీటీహెచ్‌కు తొలి స్పందన వచ్చింది. ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ ఇస్తే ఆగిపోయింది. అంటే కొత్త ప్రోటీన్ కావాలి, దాని ఆర్ఎన్ఏ మాత్రం ముందే కణంలో ఉంది. ఆ ప్రోటీన్ స్టార్ అని 1994లో గానీ తేలలేదు. మైటోకాండ్రియా బయటి పొర నుంచి లోపలి పొరకు కొలెస్ట్రాల్ చేరేలా చూసేది అదే. అక్కడ సీవైపీ11ఏ1 అనే ఎంజైమ్ కాచుకుని ఉంటుంది, కొలెస్ట్రాల్ అందగానే దాని పక్క గొలుసు కోసి, కార్టిసాల్‌కు తొలి మెట్టయిన ప్రెగ్నెనొలోన్ చేసేస్తుంది. పీకేఏ కూడా ప్రతిసారీ జన్యువు దాకా వెళ్లక్కర్లేదు. మనిషి స్టార్‌లో 195వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి నేరుగా ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ సెరీన్ బదులు అలనిన్ పెడితే స్టార్ పని దాదాపు సగానికి పడిపోతుంది.

(అన్నట్టు, ఇన్సులిన్‌ను దాచినట్టు కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్లను సంచుల్లో దాచుకోవడం కుదరదు. అప్పటికప్పుడు చేసుకోవాల్సిందే.)

గ్రంథిమిత్ర:
ఆగండాగండి. ఆర్ఎన్ఏ ముందే ఉందన్నారు, బాగుంది. ఎక్కణ్నుంచి వచ్చిందది? నెలల తరబడి కార్టిసాల్‌లా పనిచేసే ప్రెడ్నిసొలోన్ మందు వాడినవాళ్లను తీసుకోండి. పిట్యూటరీ ఏసీటీహెచ్ తగ్గించేస్తుంది, కార్టిసాల్ చేసే అడ్రినల్ బయటి పొర, కార్టెక్స్, కుంచించుకుపోతుంది. అప్పుడు ఇదే సూది వేస్తే చాలామందిలో కార్టిసాల్ సరిగ్గా లేవదు. కొలెస్ట్రాల్‌కు తలుపు తీస్తే చాలన్నది నిజమైతే లేవాలిగా! రోజూ వచ్చే ఏసీటీహెచ్ స్టార్, సీవైపీ11ఏ1, సీవైపీ17ఏ1 జన్యువులను చదివిస్తూ ఉంటేనే సరుకు సిద్ధంగా ఉంటుంది. ముడిప్రశ్న గారు అరగంట చూసి, దాని వెనకున్న వారాలను వదిలేశారు.

పైపెట్_రాత్రి:
గ్రంథే చిక్కిపోయాక కణాలే తక్కువవుతాయండీ. దాన్నంతా జన్యువు ఖాతాలో రాసేస్తే ఎలా?

గ్రంథిమిత్ర:
సరే, అది కొంత ఒప్పుకుంటాను. మరి ఎమ్ఏ-10 సంగతేమిటి? అవి ఎలుక వృషణాల్లో స్టెరాయిడ్లు చేసే లైడిగ్ కణాల ట్యూమర్ నుంచి వచ్చినవి. వాటిలో ఆక్టినోమైసిన్ డి పెడితే సైక్లిక్ ఏఎంపీకి వచ్చే తొలి స్పందన కూడా పడిపోయింది. ఇక్కడ కణాలేమీ చిక్కిపోలేదే.

సగంచదువు:
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. అందరూ సైక్లిక్ ఏఎంపీ చుట్టూనే తిరుగుతున్నారు. అడ్రినల్ చేసే మరో స్టెరాయిడ్ హార్మోన్ ఆల్డోస్టెరోన్‌కు ముఖ్యమైన కబురు కాల్షియం. రక్తంలో పొటాషియం పెరిగితే కణపొర మీది వోల్టేజి మారి కాల్షియం లోపలికి వస్తుంది, నర్1 లాంటి ప్రోటీన్లు లేస్తాయి, ఆల్డోస్టెరోన్ చేసే ఎంజైమ్ తాలూకు సీవైపీ11బీ2 జన్యువు చదవబడుతుంది. ఆల్డోస్టెరోన్ గడ్డల్లో కేసీఎన్‌జే5 అనే పొటాషియం చానల్ మ్యుటేషన్లు 2011లో బయటపడ్డాయి. చెడింది కణపొరలోని చానల్, ఫలితం వెళ్లి జన్యువు దగ్గర తేలింది. ఇక స్టార్ జన్యువును ఆన్ చేసే ముందు భాగంలో, అంటే ప్రమోటర్‌లో, క్రెబ్ కూర్చునే చోటు కూడా పూర్తిగా ఉండదు, సగం ముక్కలే. పక్కన ఎస్ఎఫ్-1, గాటా-4 అనే ప్రోటీన్లు కలిసొస్తేనే పని. బాణాల బొమ్మలో ఒక్క క్రెబ్‌నే గీయడం మీద అసలు నా ఫిర్యాదు.

ముడిప్రశ్న:
ప్రెడ్నిసొలోన్ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. "లేని గొప్ప" అన్న మాటను తొలి అరగంటకే పరిమితం చేసుకుంటున్నాను. కానీ ఆ ఎమ్ఏ-10 ఫలితం అడ్రినల్ ప్రయోగాలకు ఎదురు తిరుగుతోంది. ఏది నమ్మాలి?

పైపెట్_రాత్రి:
రెండూ నమ్మొచ్చు. కబురు అందకముందు ఎమ్ఏ-10 కణంలో స్టార్ ఆర్ఎన్ఏ ఎంత ఉంటుందో చూడండి. దాదాపు ఏమీ ఉండదు. అడ్రినల్‌కు తెల్లారేసరికి ఏసీటీహెచ్ అందుతూనే ఉంటుంది, ఎమ్ఏ-10కు అలాంటి కబురు అందలేదు. గ్రంథిమిత్ర గారు అడిగిన ప్రశ్నకు నేను ఇందాకే జవాబు చెప్పాల్సింది.