బయట కొన్న సైకిల్‌కు షాపువాళ్లు వేరే రేటు తీసుకోవచ్చా?

పాలమూరు పెడల్:
మహబూబ్‌నగర్‌లో మేముండే వైపు ఒక పెద్ద సైకిల్ షాపు ఉంది. పేరు రాయను, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్క షాపుతో కాదు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, కాలేజీకి సైకిల్ మీదే పోతుంది. తనకు కావాల్సిన గేర్ల సైకిల్ ఇక్కడ దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాం. కొన్నాళ్లకు వెనక గేరు నిలవడం మానేసి చెయిన్ టకటకమని జారడం మొదలైంది. షాపుకు తీసుకుపోతే మొదటి మాటే "మా దగ్గర కొన్నదేనా?" కాదన్నాను. సరే, పెట్టిపొమ్మన్నారు. రేపు రమ్మన్నారు, పోతే ఎల్లుండి అన్నారు, ఎల్లుండి పోతే సైకిల్ పెట్టినచోటే ఉంది, మీద దుమ్ము కూడా తుడవలేదు. మా తర్వాత వచ్చినవాళ్లవి అయిపోయి తీసుకుపోతున్నారు. చివరికి ఇచ్చేటప్పుడు ముందు చెప్పినదానికి దాదాపు రెట్టింపు అడిగారు. బిల్లు ఇవ్వమంటే "సైకిల్ రిపేరుకు బిల్లేందమ్మా" అన్నారు. ఏం మార్చారో, తీసిన పాత సామాను ఏమైందో ఇప్పటికీ తెలియదు.

చేయనని ముఖం మీదే చెప్తే బాధ లేదు, ఇంకోచోట చూసుకుంటాం. తీసుకుని, తిప్పించుకుని, ఆఖరున రేటు పెంచడం ఏం పద్ధతి?

గల్లీ మెకానిక్, జడ్చర్ల:
అక్కా, నాది చిన్న దుకాణం. మిమ్మల్ని అన్నిసార్లు తిప్పడం తప్పు, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆన్‌లైన్ సైకిల్ అనగానే మేమెందుకు వెనకాడుతామో కూడా వినండి. డబ్బాలో వచ్చే సైకిల్ 85 శాతం బిగించి వస్తుందని రాస్తారు. మిగిలింది హ్యాండిల్, ముందు చక్రం, సీటు, పెడళ్లే కదా అని ఇంట్లోనే బిగించేస్తారు. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది, అది తెలియక పానా పెట్టి బలంగా తిప్పితే క్రాంకు, అంటే పెడల్ బిగించే చెయ్యి, మర పోతుంది. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్న సైకిల్‌నే రోడ్డు మీద తొక్కుకుంటూ పోయే పిల్లలను ఆపి మరీ సరిచేసి పంపాను. ఇంకోటి, కొత్త సైకిల్‌కు ఎడమ క్రాంకు నట్టు మొదట్లో కొంచెం వదులవుతుంది. అప్పుడే బిగిస్తే ఏమీ కాదు. అట్లాగే తొక్కుకుంటూ పోతే యాక్సిల్ పట్టే చదరపు రంధ్రం అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా ఆగదు, క్రాంకే మార్చాలి. సరిగ్గా అప్పుడు నా దగ్గరికి వచ్చి "కొత్త సైకిల్ భయ్యా, జర టైటు చెయ్యి చాలు" అంటారు. మార్చాలని చెప్తే దోచుకుంటున్నాడంటారు.

మీ గేరు సంగతి చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, డబ్బాలో వచ్చేటప్పుడు దెబ్బ తగిలి గేరు హ్యాంగర్, అంటే వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, వంగి ఉండొచ్చు. కొద్దిగా వంగితే కంటికి కూడా ఆనదు, వైరు ఎంత సర్దినా గేరు మాత్రం నిలవదు. దాన్ని సరిచేసి, గేరు ఎక్కడిదాకా పోవాలో ఆపే రెండు స్క్రూలు సెట్ చేయాలి. లేకపోతే చెయిన్ అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం దాటి స్పోకుల్లో పడుతుంది, వెనక చక్రం ఉన్నపళంగా పట్టేస్తుంది. ఎంత ప్రమాదమో చూడండి. ఇది తీరుబడిగా కూర్చుని చేసే పని, ఆ టైములో నాలుగు పంక్చర్లు వేసుకోవచ్చు. నా దగ్గర కొన్నవాళ్లకైతే ఊరికే చేస్తా, అమ్మకంలో నాకు కొంత మిగిలి ఉంటుంది కాబట్టి. బయట కొన్నదానికి ఎక్కువ తీసుకోవడం నా లెక్కలో న్యాయమే.

రామగిరి, నల్లగొండ:
షాపులో కొంటే మంచిగా చూస్తారని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. నేను షాపులోనే కొన్నాను, ఆన్‌లైన్ కన్నా ఎక్కువ పెట్టి. ఫ్రీ సర్వీసులని కార్డు కూడా చేతిలో పెట్టారు. మొదటి సర్వీసంటే గాలి కొట్టి, చెయిన్ మీద నూనె పోసి, గుడ్డతో తుడిచి ఇవ్వడం. కొత్త చక్రానికి స్పోకులు కొంత తొక్కాక వదులవుతాయి, ఒకసారి అన్నీ పట్టి చూసి టైటు చేయాలి, అదే అసలు సర్వీసు. దాన్ని ముట్టనే లేదు. కొన్ని రోజులకు వెనక చక్రం ఊగి బ్రేకు రబ్బరుకు ఒకపక్క రాసుకోవడం మొదలైంది. పోయి అడిగితే పానగల్ రోడ్డు గుంతల్లో తొక్కి ఉంటారని తప్పు నా మీదికే తోశారు.

ఇంకోరోజు సాయంత్రం పోతే ఓనరు లేడు, అక్కడ పనిచేసే అతను ఒక్కడే ఉన్నాడు. సైకిల్‌ను స్టాండుకు ఎక్కించి, చక్రం మెల్లగా తిప్పుతూ రిమ్ముకు దగ్గరగా సుద్దముక్క పట్టుకున్నాడు. రిమ్ము ఎక్కడ బయటికి వచ్చిందో అక్కడ తెల్లగా గీత పడింది. ఆ గీత దగ్గర అటుపక్క స్పోకులు కొంచెం బిగించి, ఇటుపక్కవి కొంచెం వదిలాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ గీత. గీత పొట్టిగా అవుతూ పోయి ఆఖరికి పడటమే మానేసింది. పైసలు ఇస్తే కార్డు ఉంది కదా సార్ అని తీసుకోలేదు. అంటే పని తెలిసినవాడు షాపులోనే ఉన్నాడు. అతన్ని పొద్దంతా కొత్త సైకిళ్లు చూపించడానికి నిలబెడితే సర్వీసు ఎట్లా అవుతుంది?

దేవరకొండ రైడర్:
నేను షాపుల పక్షమే మాట్లాడతా. మా దగ్గర ఏ పొలం దారిన పోయినా సర్కారు తుమ్మ ముల్లు, పంక్చర్ మామూలే. నాది 27.5 అంగుళాల చక్రం, ఆ ట్యూబు చిన్న ఊళ్లలో అందరూ పెట్టరు. మా షాపాయన నా ఒక్కడి కోసం తెప్పించి ఉంచుతాడు. మనమందరం ఆన్‌లైన్‌లో కొని, ఒక్క పంక్చర్‌కే ఆయన దగ్గరికి పోతే ఆయనెట్లా బతుకుతాడు? అట్లాస్ అంతటి సైకిల్ కంపెనీదే, ఢిల్లీ పక్కన సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిల్ దినం రోజున, పని ఆపేసింది. షాపు మూతపడితే ట్యూబు కోసం హైదరాబాద్ పోతామా? కాబట్టి పైన యాభయ్యో వందో ఎక్కువ తీసుకుంటే నేను మాట్లాడను.

మిర్యాలగూడ వకీలు:
రేటు ఎంతుండాలో చట్టం చెప్పదు, లేబర్ షాపాయన ఇష్టం. కానీ అడిగినా బిల్లు ఇవ్వకపోవడం అట్లా కాదు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సరుకుకైనా సేవకైనా బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల కింద చేర్చారు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సరుకుకో సేవకో మీరు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అమ్మా, ఇంకో మాట. హ్యాంగర్ డబ్బాలోంచే వంగి వచ్చి ఉంటే అడగాల్సింది ఊళ్లో షాపును కాదు, ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లను. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోమంటే కాదనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. అందుకే డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

గల్లీ మెకానిక్, జడ్చర్ల:
సార్, పంక్చర్‌కు కూడా బిల్లు రాస్తూ కూర్చుంటే నాకు పూట గడవదు. పెద్ద పనికి చీటీ మీద రాసి ఇస్తా, అది సరే.

పాలమూరు పెడల్:
తమ్ముడూ, పంక్చర్‌కు బిల్లు నేనూ అడగను. వకీలు సార్ చెప్పినట్టు అమ్మినవాళ్లను ముందే అడగొచ్చని ఎవరూ చెప్పలేదు, షాపులోనైనా ఆ ముక్క చెప్పి పంపి ఉంటే వాళ్ల మీద గౌరవం పెరిగేది. నువ్వు చెప్పిన పని కష్టం కూడా ఒప్పుకుంటా, దానికి తగ్గ డబ్బు ఇవ్వాల్సిందే. కానీ "మా దగ్గర కొన్నదేనా" అనే ప్రశ్న నాకు మింగుడుపడటం లేదు. మా నాన్న పాత సైకిల్‌ను అదే షాపులో ఏళ్ల తరబడి చేయించాం. బేరింగు గోళీలు మార్చారు, ఫ్రీవీల్ మార్చారు, ఎక్కడ కొన్నారని ఏనాడూ అడగలేదు. బదిలీ మీద వచ్చే ఉద్యోగులు సైకిళ్లు వెంట తెచ్చుకుంటారు, సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ ఎక్కువ ఇచ్చుకోవాలా? పని ఎక్కువైతే ఎక్కువ తీసుకోండి, అమ్మకం పోయిందని మాత్రం తీసుకోకండి. దేవరకొండ అన్నకు యాభయ్యో వందో లెక్క కాకపోవచ్చు, సైకిల్ మీద కాలేజీకి పోయే పిల్లలున్న ఇళ్లలో అది లెక్కే.

దేవరకొండ రైడర్:
అక్కా, పాత సైకిళ్ల కాలంలో అందరూ ఊళ్లోనే కొనేవాళ్లు, అందుకే అడగాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు అమ్మకమే పోయింది. లేబర్ మీద కూడా మిగలకపోతే ఆ దుకాణంలో రేపు ఫోన్ కవర్లు అమ్ముతారు.

పాలమూరు పెడల్:
మిగలొద్దని అనలేదన్నా. రెండు రేట్లు పెడితే రెండూ బోర్డు మీద రాయండి అంటున్నా. సర్వీసుకు ఇంత, గేరు సెట్టింగుకు ఇంత, చక్రం ఊగు తీయడానికి ఇంత, బయట కొన్నదైతే ఇంత. చూసి నచ్చితే పెడతాం. ఏ రోజు ఇస్తారో అదీ ముందే చెప్పాలి, ఆ పిల్ల అన్ని రోజులూ ఆటోకు ఇచ్చుకుంటూ పోయింది.

రామగిరి, నల్లగొండ:
తీసిన పాత సామాను కవర్లో పెట్టి తిరిగి ఇవ్వాలని కూడా ఆ బోర్డు మీదే రాయించండి.

గల్లీ మెకానిక్, జడ్చర్ల:
బోర్డు పెడతా, అందులో నాకు నష్టం లేదు. పాత సామాను ఇస్తా. రేటు మాత్రం రెండు తీర్లే ఉంటుంది అక్కా, అది నేను మార్చను. మీ సైకిల్ గేరు ఇప్పుడు నిలుస్తోందా? ఇంకా జారుతుంటే వెనక పెద్ద పళ్ల చక్రం మీదికి వేయొద్దని పాపకు చెప్పండి. స్పోకుల్లో పడితే కింద పడుతుంది. జడ్చర్ల దాకా తెస్తే హ్యాంగర్ చూసి, ఎంతవుతుందో చెప్పాకే పానా పడతా.