20 గొర్రెలతో మొదలుపెడితే ఏడాదికి ఇల్లు గడుస్తుందా? చేస్తున్నవాళ్లు చెప్పండి

చెలక_మూడెకరాలు:
అందరికీ నమస్తే. నాది కల్వకుర్తి దగ్గర పల్లె, పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక గోదాంలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. జీతం 24 వేలు. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు పోను చేతిలో ఏమీ నిలవట్లేదు. ఊళ్లో మూడెకరాల చెలక ఉంది, బోరులో ఇంచున్నర నీళ్లు వస్తాయి. మా ఇంట్లో ముందు నుంచీ జీవాలు లేవు, తాత కాలంలో ఒక జత ఎడ్లు, రెండు బర్రెలు, అంతే.

ఫోన్ తెరిస్తే చాలు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు అని వీడియోలు. రెండేళ్లకు మూడు ఈతలు, ఈతకు 20 పిల్లలు, పిల్ల 8 వేలు అని బోర్డు మీద రాసి మరీ చూపిస్తున్నారు. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు దొరకట్లేదు, అందుకే ఎక్కువ భయంగా ఉంది. మా ఆవిడకైతే ఇప్పటి నుంచే టెన్షన్. షెడ్డుకు ఎంత, గడ్డి విత్తనం ఎక్కడ దొరుకుతుంది అని కాదు నేను అడిగేది. ఏడాది పొడుగునా ఏ నెలలో ఏం పని ఉంటుంది, దెబ్బ ఎక్కడ తగులుతుంది, చివరికి ఎంత మిగులుతుంది, ఇది చెప్పండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్వాలేదు.

మంద_వెనకాల:
తిట్టడం ఎందుకు తమ్ముడూ, నేనూ అలాంటి బోర్డు చూసే దిగా. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, నాలుగేళ్లవుతోంది. 25 తల్లులు, ఒక పొట్టేలు, అన్నీ నెల్లూరు జుడిపి రకం. టీ పెట్టుకుని కూర్చో, పెద్దగానే రాస్తా.

గొర్రెలకు ఏడాది ఉగాదికి కాదు, మృగశిర కార్తెకు మొదలవుతుంది. నాలుగు చినుకులు పడి గట్ల మీద పచ్చ కనిపిస్తే తల్లులు ఎదకు వస్తాయి. పొట్టేలును అంతకు నెల ముందు నుంచే రోజుకు పావు కిలో దాణా పెట్టి తయారు చేయాలి. గొర్రె కడుపు అయిదు నెలలు, మృగశిరలో కట్టినవి విశాఖ కార్తెకి, అంటే నవంబరు మొదట్లో ఈనుతాయి. రెండేళ్లకు మూడు ఈతలు రావాలంటే ఈనిన మూడు నెలలకే మళ్లీ ఎదకు రావాలి. అప్పటికి మాఘం, ఫాల్గుణం, కోసిన చేలలో ఎండు మేతే గానీ పచ్చ ఉండదు, పిల్లకు పాలిచ్చి బక్కచిక్కిన గొర్రె ఎదకు ఎలా వస్తుంది? నీ బోర్డు లెక్కలో మొదటి తప్పు అదే. దాణా పోయగలిగినవాళ్లకు వస్తుందేమో గానీ మా మందలో ఏడాదికి ఒక ఈతే.

దెబ్బ తగిలేది వానాకాలంలో. మొదటి ఏడు ఆషాఢంలో మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు ఎండ కాసింది. ఎక్కడ చూసినా లేత పచ్చ. రెండు నెలలు ఎండు కట్టె నమిలిన జీవాలు కదా అని జాలిపడి పొద్దున ఎనిమిదింటికే, మంచు ఆరకముందే వదిలా. సాయంత్రం కడుపులు గుమ్మటాల్లా వచ్చాయి, సంబరపడ్డా. తల్లులతో పాటు కొన్న పిల్లల్లో ఒక పొట్టేలు పిల్ల ఉండేది, మెడ కింద తెల్ల మచ్చ, అన్నిటికంటే అదే బలిసింది, అయిదారు నెలలు ఆపితే 12 వేలకు తగ్గదు అనుకునేవాణ్ని. తెల్లారి దొడ్డి తలుపు తీస్తే మెడ వెనక్కి విరుచుకుని కాళ్లు కొట్టుకుంటోంది. ఇంట్లోకి పోయి ఫోన్ తెచ్చేలోపు అయిపోయింది. చిటుక రోగం. చిటిక వేసినంతలో పోతుందనే ఆ పేరు. బక్కవాటిని వదిలేసి బాగా తిని బలిసిన వాటినే ముందు పట్టుకుంటుంది. మధ్యాహ్నానికి ఇంకొకటి, మర్నాడు రెండు. టీకా వేయించలేదా అంటే వేయించలేదు, వచ్చే వారం చూద్దాం అనుకుంటూ మే నెల గడిపేశా.

శ్రావణం, భాద్రపదంలో బురద. గిట్టల మధ్య పుండ్లు పడి కుంటుతాయి, దొడ్డిలో సున్నం చల్లుతూ ఉండాలి. అదే పొడిగా ఉండే ఎత్తు స్థలంలో దొడ్డి కట్టుకుంటే సగం బాధ ఉండదు, నేను బావి పక్కన పల్లంలో కట్టి రెండో ఏడు ఊడబీకి మళ్లీ కట్టా. ఆ రోజుల్లోనే జొన్న చేలతో జాగ్రత్త. కోసిన మోళ్లకు వచ్చే లేత పిలకలు, బెట్టకు వాడిన జొన్న మేస్తే నాము, అంటే అందులోని విషం కొట్టి పడిపోతాయి. పత్తి చేల గట్లు ఇంకో తలనొప్పి, ఎవరు ఎప్పుడు మందు కొట్టారో అడిగి గానీ అటు తోలకూడదు.

ఇక ఈతలు. విశాఖ కార్తె నుంచి నెల రోజులు నేను మంచం దొడ్డిలోనే వేసుకుంటా. ఒక తొలిచూలు గొర్రె రాత్రి రెండింటికి ఈని, పిల్లను వాసన చూసి కొమ్ము విదిలించినట్టు తల విదిలించి దూరం పోయింది. (జుడిపి తల్లులకు కొమ్ములు ఉండవు, అయినా విదిలింపు మాత్రం అచ్చం అలాగే ఉంటుంది.) పిల్ల తడిగా వణుకుతోంది, చలి. మా నాన్న గోనెసంచితో తుడిచి, బొడ్డుకు అయోడిన్ పూసి, తల్లిని గుంజకు పొట్టిగా కట్టి, ముర్రుపాలు దోసిట్లో పిండి పిల్ల వీపు మీద, తోక దగ్గర రుద్దాడు. పొదుగు పిల్ల నోట్లో పెట్టి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మూడు రోజులు పూటపూటకూ ఇదే పని. నాలుగో రోజు తల్లే పిల్లను పిలిచింది. పుట్టిన గంటలో ముర్రుపాలు కడుపులో పడితేనే పిల్ల నిలబడుతుంది, అది నీకు ఏ వీడియోలోనూ అర్ధరాత్రి లేపి చెప్పరు.

సంక్రాంతి నుంచి హోలీ దాకా కాస్త నిమ్మళం. వరి కోసిన మళ్లు, కంది, వేరుశనగ చేలు ఖాళీ అవుతాయి, మేత దొరుకుతుంది. కళ్లాల దగ్గర మాత్రం కాపలా ఉండాలి, రాలిన వడ్లు కడుపు నిండా తింటే పొట్ట ఉబ్బి చస్తాయి. రాత్రిళ్లు రైతులు పొలంలో మంద కట్టించుకుంటారు, ఎరువు కోసం. ఏప్రిల్, మే మా దగ్గర నరకమే. తుమ్మకాయలు ఏరుకొచ్చి, వేరుశనగ కట్టె ముందే కొని వామి వేసుకుని నెట్టుకొస్తాం. పెద్ద మందల వాళ్లు ఎండాకాలం మొదట్లోనే నల్లమల వైపో, కృష్ణ ఒడ్డుకో కుటుంబాలతో తరలిపోతారు. 25 జీవాలకు అలా పోలేం.

రెండో ఏటి లెక్క నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు: 25 తల్లుల్లో ఈనినవి 22, పిల్లలు 24. చచ్చినవి 6. ఉన్న 18లో 5 ఆడపిల్లలను మందకు ఉంచుకుని 13 అమ్మా, సగటున 6,500 పడింది, 84,500. ముసలి తల్లులు మూడు 15,000. ఎరువు రెండు ట్రాక్టర్లు 7,000. మొత్తం 1,06,500. దాణా, కట్టె, మందులు, చిల్లర కలిపి ఖర్చు 40,000. మిగిలింది 66,500, అంటే నెలకు అయిదున్నర వేలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 40 వేలలో మా నాన్న కూలి లేదు. ఆయన రోజూ తొమ్మిదింటికి సద్ది కట్టుకుని పోయి పొద్దుగూకాక వస్తాడు. నెలకు 12 వేలు ఇచ్చి కాపరిని పెట్టుకుంటే ఏడాదికి లక్షా 44 వేలు, నేను ఎదురు కట్టాలి. కాబట్టి 20 గొర్రెలు సరిపోతాయా అని కాదు, వాటి వెనకాల రోజూ ఎవరు నడుస్తారు అని అడుగు. నీకు ఆ మనిషి ఉన్నాడా?

షెడ్డు_రాయుడు:
అన్న చెప్పింది మేపుకు తోలేవాళ్లకు కరెక్టే, కానీ అదొక్కటే దారి కాదు. మాది అనంతపురం జిల్లా. మేము తల్లులను పెట్టుకోం. మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను సంతలో కొని, షెడ్డులోనే నాలుగు నెలలు మేపి అమ్ముతాం, బ్యాచ్‌కు 50. ఎకరంలో సూపర్ నేపియర్, పావు ఎకరంలో దశరథ గడ్డి, గట్ల మీద అవిశె, పైన మొక్కజొన్న, నూనె తీసిన చెక్క కలిపిన దాణా. ఇద్దరం చూసుకుంటాం, ఎండలో తిరిగే పని లేదు. ఇంచున్నర నీళ్లకు ఎకరం గడ్డి పండుతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. మొదట్లోనే గచ్చుకు బదులు ఎత్తు మీద ప్లాస్టిక్ పలకల ఫ్లోర్ అని నాలుగు లక్షలు తగలేశా. ఆ డబ్బుతో ఎన్ని పిల్లలు వచ్చేవో లెక్కేసుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇంకోటి, సంతలో పిల్లను కొనేటప్పుడు నీళ్లు తాగించి, ఉప్పు పెట్టి కడుపు ఉబ్బించి తెస్తారు. డొక్క చూసి మోసపోవద్దు, వెన్నెముక మీద చెయ్యి వేసి చూడు, కనురెప్ప కింద ఎరుపు చూడు. పాలిపోయి ఉంటే లోపల నట్టలు, అంటే కడుపులో పురుగులు ఉన్నట్టే. కొత్తవాటిని కనీసం రెండు వారాలు వేరేగా ఉంచు. నేను ఉంచలేదు, ఒక బ్యాచ్‌లో పి.పి.ఆర్. అనే అంటురోగం వచ్చి ముక్కులు కారి, పారుకుని 11 పోయాయి.

బక్రీద్ చూసుకుని పెంచుదామనుకుంటే క్యాలెండర్ దగ్గర పెట్టుకో, ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. మొన్నటి ఏడు అమ్మిన తారీఖుకే ఈ ఏడు తయారు చేస్తే పండగ దాటిపోతుంది.

సూదిమందు:
పశువుల ఆసుపత్రిలో 19 ఏళ్లు పనిచేశా, నా వైపు నుంచి నాలుగు ముక్కలు. చిటుక టీకా వానలకు ముందే, మే నెలలో. మొదటిసారి వేస్తుంటే రెండు మూడు వారాలకు బూస్టర్ తప్పదు, చాలామంది ఒకటి వేయించి వదిలేస్తారు. పి.పి.ఆర్. టీకా మూడు నెలలు దాటిన పిల్లలకు, ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. వానాకాలం చివర మూతి వాచి, నాలుక కమిలి, కుంటుతూ ఉంటే అది నీలి నాలుక, కుట్టే సన్నదోమల వల్ల వస్తుంది, సాయంత్రం దొడ్డిలో వేపాకు పొగ వేయండి.

నట్టల మందు తాగించేటప్పుడు తల ఆకాశానికి ఎత్తి పోస్తారు చూడండి, అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి గొర్రె చస్తుంది, తర్వాత మందు మంచిది కాదంటారు. మూతి కంటి ఎత్తుకు మించి లేపవద్దు. ఏళ్ల తరబడి ఒకే మందు పోయొద్దు, నట్టలు దానికి అలవాటు పడతాయి. బీమా చేయిస్తే చెవి పోగు ఊడకుండా చూసుకోండి, పోగు లేకపోతే క్లెయిమ్ రాదు.

ఇంకో మాట. ఈ 20+1 అనే అంకె అందరి నోట్లో నానుతోంది గానీ, 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు, అక్కడి నుంచే అది ఊరూరా పాకిందనుకుంటా. అది గొల్ల కురుమల సంఘాల్లో ఉన్నవాళ్లకు ఇచ్చింది. ఒట్టి చేతులతో మొదలుపెట్టేవాడు దాంతోనే బతుకు వెళ్తుందని అనుకోవద్దు.

నల్లగొర్రె_ఇంటిపిల్ల:
అందరూ కాపరి గురించి రాశారు, దొడ్డి ఊడ్చే మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. మాది నారాయణఖేడ్ వైపు కురుమల ఇల్లు, నల్ల దక్కని గొర్రెలు. నాయన మందతో పోయాక పెంట ఎత్తేది, పిల్లలకు ఆకు విరిచి వేసేది, తల్లి పోయిన పిల్లకు సీసాతో పాలు పట్టేది మా అమ్మ. పాలు తాగే పిల్లలను మేపుకు తోలరు కదా, పగలంతా అవి ఆమె వెనకే. తమ్ముడూ, మీ ఆవిడకు టెన్షన్ అని ఒక్క లైనులో రాసి వదిలేశావు. ఆమె చేస్తానందా?

ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తాం. మా నానమ్మ రోజుల్లో ఆ ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి గొంగడి నేసేవాళ్లు, వానకు నీళ్లు దిగేవి కావు. ఇప్పుడు కత్తిరించినవాళ్ల కూలి కూడా ఉన్నికి రాదు. అయినా నల్ల గొర్రె మా ఎండకు, చలికి నిలబడుతుంది, పక్క జిల్లా నుంచి తెచ్చిన పెద్ద గొర్రెలు మొదటి ఏడే సగం పోయాయి. రూపం చూసి కాకుండా మీ చుట్టుపక్కల మందల్లో ఏది ఉందో అదే కొనండి, వీలైతే చూడి గొర్రెలను తెలిసిన మంద నుంచే.

చెలక_మూడెకరాలు:
అక్కా, నిజంగానే అడగలేదు. నిన్న రాత్రి మీ పోస్టు చదివి వినిపించా. పెంట ఎత్తడానికి అభ్యంతరం లేదట, కానీ పిల్లలు ఆరో తరగతి, మూడో తరగతి, వాళ్ల బడి ఊళ్లో ఎలా అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం ఇప్పుడే మానను. మా పెద్దమ్మ కొడుకు ఊళ్లోనే ఉంటాడు, ఆరు తల్లులు కొని అతని మందలో కలిపి, పిల్లల్లో సగం అతనికి అనుకుంటున్నా. మంద వెనకాల అన్నా, ఒక డౌటు. మీ నాన్నకు ఒక్క రోజు ఒంట్లో బాగోకపోతే ఎవరు పోతారు?

మంద_వెనకాల:
సగం పాలుకు ఇవ్వడం మంచి ఆలోచన, మా దగ్గరా ఉంది. చచ్చిన పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుందో మాత్రం ముందే మాట్లాడుకో, అన్నదమ్ములు మాటలు మానేసేది అక్కడే.

మొన్న వినాయక చవితికి ముందు నాన్నకు జ్వరం వచ్చింది, నేనే తోలుకుపోయా. నాలుగేళ్ల నుంచి దాణా పోసేది నేను, మందు తాగించేది నేను, అయినా ఊరు దాటాక ఒక్కటీ నా మాట వినలేదు. నాన్న నాలుక అంచుతో ఒక చప్పుడు చేస్తాడు, దానికే తిరుగుతాయి. అది నాకు ఎంతకీ రాదు. మధ్యాహ్నానికి రెండు పక్క చేలోకి దూరి మిరప నారు తొక్కాయి, 800 కట్టి వచ్చా.

దీపావళి తర్వాత మా దగ్గర ఈతలు పడతాయి. నాలుగు రోజులు సెలవు పెట్టి రా, మీ ఆవిడనూ తీసుకురా. దొడ్డిలో ఇంకో మంచం వేస్తా. బ్యాటరీ లైటు ఒకటి తెచ్చుకో, మా దానికి చార్జింగ్ నిలబడట్లేదు.