చర్చ: కర్కుమిన్‌పై ప్రయోగశాల ఫలితాలను చూసి మాత్ర వేసుకోవచ్చా?

హరిద్ర (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మా అమ్మగారి మోకాళ్ల నొప్పులకని డాలస్‌లో ఉంటున్న మా అన్నయ్య కర్కుమిన్ (పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం) మాత్రల సీసా ఒకటి పంపించాడు. ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల పసుపు సారం ఉందనీ, అందులో 95 శాతం కర్కుమినాయిడ్లేననీ (అంటే కర్కుమిన్, దాని జాతి పదార్థాలు), మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలిపినందువల్ల ఒంటికి 2000 శాతం ఎక్కువగా పడుతుందనీ దాని మీద రాసి ఉంది. "తరతరాలుగా తింటున్న పసుపే కదా, పైగా వేల పరిశోధనలు జరిగాయి కదా" అని అన్నయ్య అంటున్నాడు. అయితే వాటిలో చాలావరకు గాజు పళ్లేల్లో పెంచిన కణాల మీదా, ఎలుకల మీదా జరిగినవే. వాటి బలం మీద మనిషికి మాత్ర ఇవ్వడం సబబేనా? అమ్మగారు రక్తపోటుకూ, రక్తం గడ్డకట్టకుండా ఉండేందుకూ ఇప్పటికే మందులు వాడుతున్నారు.

పరీక్షనాళిక

హరిద్ర గారూ, మొక్కల సారాలను కణాల మీద పరీక్షించడమే నా ఉద్యోగం. కణాలు బతికి ఉన్నాయా చచ్చిపోయాయా అన్నది మేము చాలాసార్లు ద్రావణం రంగు ఎంత చిక్కబడిందో, ఎంత వెలుగు వెదజల్లుతోందో కొలిచి తేల్చుకుంటాం. కర్కుమిన్ స్వయంగా పచ్చగా ఉంటుంది, స్వయంగా వెలుగును వెదజల్లుతుంది, పైగా కనబడిన ప్రతి ప్రోటీనుకూ అతుక్కుంటుంది. అందువల్ల ఏ పరీక్షలో పెట్టినా "పనిచేసింది" అన్నట్టే కనిపించే పదార్థాల జాబితాలో దాన్ని చేర్చారు. 2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ నెల్సన్ బృందం ఔషధ రసాయనశాస్త్ర పత్రికలో రాసిన సమీక్ష ఈ సంగతినే వివరంగా చర్చించింది. అప్పటికి 120కి పైగా మానవ ప్రయోగాలు జరిగినా, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చేసినవాటిలో ఒక్కటీ నెగ్గలేదని ఆ బృందం తేల్చింది.

అంతకన్నా పెద్ద చిక్కు మోతాదుది. కణాల మీద మేము సాధారణంగా 10 నుంచి 50 మైక్రోమోలార్ల (ద్రావణంలో పదార్థం ఎంత ఉందో చెప్పే కొలత) గాఢతలో కర్కుమిన్ పోస్తాం. తైవాన్‌లో రోగులకు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్కుమిన్ మింగించి రక్తం పరీక్షిస్తే, 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సగటు గరిష్ఠ గాఢత 1.77 మైక్రోమోలార్లు దాటలేదు. సీరం (రక్తంలోని ద్రవభాగం) లేని ద్రావణంలో, మన ఒంటి వేడి దగ్గర, కర్కుమిన్‌లో 90 శాతం అరగంటలోనే విరిగిపోతుంది. కాబట్టి ఆ కణాల మీద పనిచేసింది కర్కుమినా, దాని ముక్కలా అన్నది కూడా చాలా పత్రాల్లో తేలని సంగతే.

ఆ 2000 శాతం సంగతి కూడా చెప్పాలి. అది 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ప్రచురించిన అంకె. 2 గ్రాముల కర్కుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు వలంటీర్ల రక్తంలో అది దాదాపు దొరకనే లేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడిస్తే దొరికింది. సున్నాకు దగ్గరగా ఉన్నదానికి ఇరవై రెట్లు అంటే ఎంతో లెక్క వేసుకోవచ్చు. అంకె అబద్ధం కాదు, కానీ సీసా మీద అచ్చువేసినప్పుడు అది చెప్పే అర్థం మాత్రం వేరు.

వైద్యవృత్తి

పరీక్షనాళిక గారి లెక్కలతో నాకు తగాదా లేదు. అయితే ఆయన కర్కుమిన్‌ను పరీక్షించి పసుపు గురించి తీర్పు చెబుతున్నట్టుగా ఉంది. నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. మా చికిత్సలో పసుపును ఒంటరి అణువుగా ఎన్నడూ వాడం. అందులో నూనెలు ఉన్నాయి, పీచు ఉంది, దాన్ని నెయ్యితోనో పాలతోనో ఇస్తాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1992లో ప్రచురించిన అధ్యయనంలో 16 మంది పొగతాగేవారికి 30 రోజుల పాటు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపునే ఇచ్చారు, సారాన్ని కాదు. వారి మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. గాజు పళ్లెంలో కాదు, మనుషుల్లో!

మరో మాట. ప్రయోగశాల దారి చూపితేనే వైద్యం నడుస్తుందన్న వాదన చరిత్రకు అతకదు. సర్పగంధ వేరుతో రక్తపోటు తగ్గుతుందని బొంబాయిలో వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల వివరాలతో 1949లో బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రచురించారు; ఆ వేరులో మందుగా పనిచేసే రిసర్పిన్‌ను స్విట్జర్లాండ్‌లో వేరుచేసింది 1952లో. ముందు రోగి, తరువాతే పరీక్షనాళిక (మీ పేరును ఉద్దేశించి అనలేదు లెండి). ఇక మోకాళ్ల నొప్పుల విషయానికే వస్తే, 2014లో థాయ్‌లాండ్‌లో 367 మంది రోగుల మీద జరిగిన ప్రయోగంలో రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందుకు తీసిపోకుండా పనిచేసింది. దాన్ని లెక్కలోకి తీసుకోరా?

పరీక్షనాళిక

తప్పక తీసుకుంటాను, వైద్యుల వారూ. కానీ ఆ ప్రయోగం నాలుగు వారాలదే, అందులో ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో వర్గం లేదు. మోకాలి నొప్పి దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. నొప్పి బాగా ముదిరినప్పుడే ఎవరైనా ప్రయోగంలో చేరతారు కనుక ఏమిచ్చినా కొంత తగ్గుతుంది. ఆ కొంత ఎంతో తెలియకుండా రెండు మందులూ సమానమంటే, రెండూ సమానంగా పనిచేశాయో, రెండూ అంతంతమాత్రంగా పనిచేశాయో చెప్పలేం. పోషకాహార సంస్థ అధ్యయనం మంచిదే, అయితే అది కొలిచింది మూత్రంలోని పదార్థాలను, జబ్బును కాదు.

వకీల్ గారి ఉదాహరణను నేనూ గౌరవిస్తాను. ఆయన రక్తపోటును కొలిచారు, అంకెలు వేశారు, అదే నేను అడుగుతున్నది. నా అభ్యంతరం ఒక్కటే: సారంతో చేసిన ప్రయోగం నెగ్గితే అది పసుపు ఘనత, ఓడిపోతే "సారం వేరు, పసుపు వేరు" అనడం కుదరదు. థాయ్‌లాండ్‌లో ఇచ్చింది కూడా సారమే కదా.

ఆర్మూరు కొమ్ము

నేను శాస్త్రం చదివినవాణ్ణి కాదు, పసుపు పండించేవాణ్ణి. తొమ్మిది నెలలు నేలలో ఉన్న పంటను తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు తీసుకువెళితే, ఎగుమతిదారుల తరఫున వచ్చినవాళ్లు కొమ్మును విరిచి లోపలి రంగు చూసి, "కర్కుమిన్ ఎంత?" అని మొదట అడుగుతున్నారు. మేఘాలయ లకడాంగ్ పసుపులో 7 శాతం దాకా వస్తుందట, మా దగ్గర అందులో సగం కూడా కష్టమే. కూరలో వేసే పసుపుకు ఆ అంకెతో పనేమిటో నాకు అర్థం కాదు.

నా భయం వేరు. రేపు మాత్ర వల్ల ఎవరికైనా హాని జరిగితే పత్రికల్లో వచ్చే శీర్షిక "పసుపుతో ప్రమాదం" అనే. బంగ్లాదేశ్‌లో రంగు కోసం సీసం క్రోమేటు అనే విషపు రంగు కలిపిన పసుపును 2019లో పరిశోధకులు బయటపెట్టారు. అక్కడి ప్రభుత్వం దాడులు చేసి జరిమానాలు వేయడంతో, 47 శాతం నమూనాల్లో ఉన్న ఆ కల్తీ 2021 నాటికి లేకుండా పోయింది. నా దృష్టిలో ప్రయోగశాల జనానికి చేసిన మేలు అది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మందులచీటీ

ఆర్మూరు కొమ్ము గారి భయం నిరాధారం కాదు. నేను ఫార్మసిస్టును, హరిద్ర గారి సీసా లెక్క చూద్దాం. మామూలు పసుపులో కర్కుమిన్ 3 శాతం అనుకుంటే, ఒక మాత్రలో ఉన్న 475 మిల్లీగ్రాముల కోసం దాదాపు 16 గ్రాములు, అంటే అయిదు చెంచాల పసుపు కావాలి. ఇంట్లో ఒక మనిషి రోజంతా తినేది ఒకటి రెండు గ్రాములు. "తరతరాలుగా తింటున్నదే" అన్న మాట ఈ మోతాదుకు వర్తించదు. తరతరాలుగా ఎవరూ ఇంత తినలేదు, అందులోనూ కాలేయం దాన్ని త్వరగా వదిలించుకోకుండా పైపరిన్‌తో అడ్డుకట్ట వేసి అసలే తినలేదు.

మందుల వల్ల కలిగే కాలేయ హానిని నమోదు చేసే అమెరికా పరిశోధక బృందం 2022లో పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను ప్రచురించింది. అయిదుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. పది మందిలో ఏడుగురికి ఒకే రకమైన రోగనిరోధక జన్యువు ఉంది, కాబట్టి ఇది అందరికీ వచ్చే ముప్పు కాదు. కానీ ఎవరికి వస్తుందో సీసా మూత తీసేముందు తెలియదు. పైపరిన్ కర్కుమిన్‌తోనే ఆగదు. రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్‌ను దానితో కలిపి ఇస్తే రక్తంలో ఎక్కువగా చేరుతుందని 1991లోనే చూపించారు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందు కూడా ఉందన్నారు కనుక, హరిద్ర గారూ, ఆ మందు రాసిన వైద్యుడికి సీసా చూపించేదాకా దాన్ని పక్కన పెట్టించండి. అమ్మగారు ఇప్పటికే వేసుకుంటూ ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. చాలామంది దీన్ని మందుగా లెక్కపెట్టక దాచిపెడతారు. పప్పులో పసుపు మానాల్సిన పని లేదు.

హరిద్ర

ఇంకా మొదలుపెట్టలేదండీ. వచ్చే వారం పరీక్షకు వెళ్లేటప్పుడు సీసా తీసుకువెళతాము. అన్నయ్యకు ఈ చర్చ పంపించాను.

వైద్యవృత్తి

మాత్ర విషయంలో మందులచీటీ గారితో నాకు భేదం లేదు. నా వాదన మాత్రం అలాగే ఉంది: వంటింటి పసుపును, వాడే పద్ధతిలోనే, తగినంత మంది మీద పరీక్షించినవారు బహు తక్కువ. కారణం డబ్బు. పసుపుతో గాయాలు మానడంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అది న్యాయమే. కానీ పేటెంటు రాని వస్తువు మీద కోట్లు ఖర్చుపెట్టి ప్రయోగం చేసే సంస్థ ఏది?

పరీక్షనాళిక

ప్రభుత్వమే చేయాలి, ఆ మాట మీతో పాటు నేనూ అంటాను. అయితే డబ్బు వచ్చినా ఒక చిక్కు మిగులుతుంది. పాలలో కలిపిన పసుపుకు ఉత్తుత్తి జోడీని ఎలా తయారుచేస్తారు? రంగు కలపవచ్చు, కానీ ఆ వాసనను, ఆ చేదును పోలినదాన్ని తెలుగువాళ్ల నాలుకకు తేడా తెలియకుండా తయారుచేయడం కష్టం. గొట్టం మాత్రలో (క్యాప్సూల్‌లో) పెట్టి ఇస్తే ఆ ఇబ్బంది తీరుతుంది, కానీ అప్పుడు మీరు కోరిన "వాడే పద్ధతి" ఉండదు. దీనికి మీ దగ్గర ఉపాయం ఉంటే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.